కాలువకు అటు హ్యాచరీ, ఇటు ఆఫీసు: రెండింటికీ నెట్‌వర్క్ కలిపిన నా అనుభవం

మా రొయ్య పిల్లల హ్యాచరీ బకింగ్‌హామ్ కాలువకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉంది. ఆఫీసు మాత్రం కాలువకు పడమర, రోడ్డు పక్కన. కావలి నుంచి తుమ్మలపెంట వైపు వెళ్లినవాళ్లకు ఆ దారి ఎట్లా ఉంటుందో తెలుసు. పొలాలు, రొయ్యల గుంటలు, కాలువ, కాలువ దాటాక ఇసుక, సర్వి తోటలు, ఆ తర్వాత సముద్రం. రెండు బిల్డింగుల మధ్య నేరుగా గీత గీస్తే సుమారు 1.4 కిలోమీటర్లు. వంతెన మీదుగా చుట్టి వెళ్తే రెండున్నర కిలోమీటర్ల పైమాటే. ఈ రెండు చోట్ల ఉన్న కంప్యూటర్లను కలిపే పని నాకు అప్పగించారు. అక్కడ అకౌంట్లు, కంప్యూటర్లు, కెమెరాలు అన్నీ చూసుకునేది నేనే.

హ్యాచరీ పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. పిల్ల ప్యాకింగ్ ఎక్కువగా రాత్రిపూట, చల్లబడ్డాక జరుగుతుంది. సంచుల్లో నీళ్లు, పిల్ల పోసి, ఆక్సిజన్ పట్టి, మూతి కట్టి వ్యాను ఎక్కిస్తారు. మూతి కట్టినప్పటి నుంచి లోపల ఆక్సిజన్ తరుగుతూనే ఉంటుంది. ఏ ట్యాంకు పిల్ల, ఎన్ని లక్షలు, దాని పీసీఆర్ (రోగం ఉందో లేదో చూసే పరీక్ష) రిపోర్టు ఏమొచ్చింది అన్నవి ఒడ్డున ల్యాబ్‌లో తేలతాయి. బిల్లు తయారయ్యేది కాలువ ఇవతల ఆఫీసులో. ఇన్నాళ్లూ ఈ వివరాలన్నీ ఫోన్ల మీద, వాట్సాప్ ఫొటోల మీద నడిచాయి. ఫోన్ సిగ్నల్ సరిగా లేని రాత్రి ఎవరో ఒకరు బండి మీద కాగితం పట్టుకొచ్చేవారు. వ్యాను పక్కన నిలబడ్డ రైతు "ఇంకెంతసేపు అబ్బాయ్, యాడో ఉండాయి మా గుంటలు, పిల్ల నీరసపడదా?" అంటే ఏం చెప్తాం? అందుకే నేను స్పీడు గురించి పెద్దగా ఆలోచించలేదు. రాత్రి పది నుంచి తెల్లవారుజాము దాకా లైను తెగకూడదు, అంతే.

మొదట అందరూ అనే మాటే మా దగ్గరా వచ్చింది, "ల్యాన్ కేబుల్ లాగేస్తే అయిపోతుంది గదా" అని. క్యాట్ 6 కేబుల్ మీద ఈథర్నెట్‌కు హద్దు 100 మీటర్లు. మధ్యమధ్యలో స్విచ్చులు పెట్టుకుంటూ పోతే దూరం పెరుగుతుంది, నిజమే. కానీ ప్రతి స్విచ్చుకూ కరెంటు కావాలి, పెట్టె కావాలి, వాన తగలకూడదు. అంతకంటే పెద్ద చిక్కు ఎర్తింగ్‌ది. హ్యాచరీకి సొంత ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్ ఉన్నాయి. ఆఫీసుది వేరే లైను. రెండు చోట్ల ఎర్త్ ఒకే వోల్టేజిలో ఉంటుందన్న గ్యారంటీ లేదు. మధ్యలో రాగి తీగ పరిస్తే ఆ తేడా అంతా దాని మీదుగా పారుతుంది. దగ్గర్లో పిడుగు పడితే ఇక చెప్పక్కర్లేదు, రెండు వైపులా పోర్టులు మాడిపోతాయి. ఒక బిల్డింగు నుంచి ఇంకో బిల్డింగుకు ఆరుబయట రాగి తీగ వద్దని నేను ఇప్పటికీ గట్టిగా చెప్తాను, దూరం యాభై మీటర్లే అయినా సరే.

రెండోది, రెండు చోట్లా ఇంటర్నెట్ తీసుకుని మధ్యలో వీపీఎన్, అంటే ఇంటర్నెట్ లోపలే తాళం వేసిన సొంత దారి, నడపడం. ఒంగోలులో ఆఫీసు, చీమకుర్తిలో ఫ్యాక్టరీ ఉన్నవాళ్లకు నేనైతే ఇదే చెప్తాను. అంత దూరం సొంత లైను ఎవరూ వేసుకోలేరు. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ సాఫ్ట్‌వేర్ 2020 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది, చిన్న రౌటర్లలో కూడా బాగా నడుస్తుంది. ఒక్కటి మాత్రం ముందే చూసుకోవాలి. ఇప్పుడు చాలా కనెక్షన్లకు, ముఖ్యంగా సిమ్ వేసే 4జీ రౌటర్లకు, సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా చేరుకోగల అడ్రస్, ఉండదు. వందల మందిని ఒకే ఐపీ వెనక పెడతారు. రౌటర్‌లో వాన్ (ఇంటర్నెట్ వైపు) అడ్రస్ 100.64తో మొదలైతే మీరూ అందులో ఉన్నట్టే. రెండు వైపులా అట్లాగే ఉంటే ఎవరూ ఎవరి తలుపూ తట్టలేరు. కనీసం ఒక వైపు స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ అడ్రస్) అడిగి తీసుకోవాలి. మా ఒడ్డున అప్పటికి సిమ్ రౌటర్ తప్ప దిక్కు లేదు, అదీ రాత్రి వాన పడితే టవర్‌తో పాటు పోయేది. అందుకని అది పక్కన పెట్టాం.

మిగిలింది వైర్‌లెస్ బ్రిడ్జి. రెండు డాబాల మీద రెండు చిన్న డిష్‌లు, ఒకదాని ముఖం ఇంకోదానికి. 2018లో కేంద్రం 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో చాలా భాగాన్ని ఆరుబయట వాడకానికి కూడా లైసెన్సు లేకుండా తెరిచింది కాబట్టి, నిర్ణయించిన పవర్ హద్దులో ఉంటే ఎవరినీ విడిగా అడగక్కర్లేదు. టౌను నుంచి ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. డాబా ఎక్కి అటు చూసి "క్లియర్‌గా కనిపిస్తోంది సార్" అన్నారు. నిజంగానే కనిపిస్తోంది. హ్యాచరీ నీళ్ల ట్యాంకు తెల్లగా సర్వి తోట తలల మీదుగా కనపడుతూనే ఉంది. 2023 ఎండాకాలంలో పైపులు నిలబెట్టి డిష్‌లు బిగించారు. సిగ్నల్ మైనస్ 52 దగ్గర నిలబడింది (ఈ అంకె సున్నాకు ఎంత దగ్గరుంటే సిగ్నల్ అంత బలం). ఫైలు పంపితే వంద మెగాబిట్ల పైన వస్తోంది. అందరం సంతోషపడ్డాం.

కంటికి కనపడితే చాలదన్న సంగతి వానాకాలం వచ్చాక అందరికీ అర్థమైంది. రేడియో తరంగం దారంలా సన్నగా వెళ్లదు. రెండు డిష్‌ల మధ్య దోసకాయలాగా, చివర్లు సన్నగా, నడుము లావుగా ఉన్న జాగాలో వెళ్తుంది. దాన్ని ఫ్రెనెల్ జోన్ అంటారు. మా దూరానికి, 5.8 గిగాహెర్ట్జ్‌కు లెక్క వేస్తే సరిగ్గా మధ్యలో ఆ జాగా వ్యాసార్థం 4 మీటర్ల పైచిలుకు వస్తుంది. అందులో కనీసం అరవై శాతమన్నా ఖాళీగా ఉండాలి. అంటే చూపు వెళ్లే గీతకు కింద రెండున్నర మీటర్ల దాకా ఆకు కూడా అడ్డం ఉండకూడదు. మా గీతకు కింద సర్వి కొనలు ఎండాకాలంలోనే మీటరున్నర దూరంలో ఉన్నాయి. సర్వి ఊరికే ఉండే చెట్టు కాదు. లేతగా ఉన్నప్పుడు ఏడాదికి రెండు మీటర్లకు తగ్గకుండా లేస్తుంది.

సెప్టెంబరు దాటాక గోల మొదలైంది. పగలంతా బాగుండేది, సాయంత్రం సముద్రపు గాలి తిరగ్గానే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ టాలీ బయటికి తోసేసేది. వాన పడితే ఇంకా ఘోరం. ప్యాకింగ్ నడుస్తుండగా లైను పోయి, మళ్లీ వాట్సాప్ ఫొటోలకు దిగిన రాత్రులు ఉన్నాయి. కంపెనీవాళ్లను పిలిస్తే వానకు సిగ్నల్ తగ్గడం మామూలే అన్నారు. అది సరికాదు. 5 గిగాహెర్ట్జ్‌లో కిలోమీటరున్నర దూరానికి వాన చినుకుల వల్ల పోయేది లెక్కలోకి రానంత తక్కువ. 60 గిగాహెర్ట్జ్ రేడియోలైతే వానకు నిజంగానే పడిపోతాయి. మా దాంట్లో దెబ్బ కొడుతున్నది వాన కాదు, తడిసిన ఆకు.

ఇది ఊహించి చెప్తే ఎవరూ నమ్మరు కాబట్టి లెక్క తీశాను. రేడియోలో సిగ్నల్ అంకెను నిమిషానికోసారి రాసిపెట్టేలా ఒక కంప్యూటర్‌లో ఏర్పాటు చేసి, కొన్నాళ్ల తర్వాత ఆ పట్టికను ముందు పెట్టుకుని చూశాను. సముద్రపు గాలి మొదలయ్యే వేళకు అంకె ఊగడం మొదలు. గాలి పడిపోగానే కుదురు. తర్వాత ఒక సాయంత్రం ఫోన్‌లో ఆ అంకె పెట్టుకుని నేరుగా తోటలోకే వెళ్లి నిలబడ్డాను. పైన కొనలు తూర్పు నుంచి పడమరకు వంగి, మళ్లీ లేస్తున్నాయి. వంగినప్పుడు మైనస్ 55, 56. నిటారుగా లేచినప్పుడు మైనస్ 63, 66. పెద్ద గాలి ఒకటి వచ్చి వెళ్లాక రెండు మూడు చెట్లు ఒకేసారి పైకి లేచాయి, ఫోన్‌లో మైనస్ 74 చూపించింది. మైనస్ 52కూ 74కూ మధ్య తేడా 22 డెసిబెల్స్. అందే శక్తి నూట యాభయ్యో వంతు కంటే తక్కువకు పడిపోయినట్టు లెక్క. ఏ చెట్టు అడ్డమో వేలు పెట్టి చూపించగలిగాను. అంతకుముందు నెలల తరబడి జరిగిన వాదన ఆ సాయంత్రంతో ఆగిపోయింది.

తోట పెద్దాయన దగ్గరికి వెళ్లి, ఆ వరసలో కొనలు కొంచెం కోయించుకోవచ్చా, దానికి ఏదైనా ఇచ్చుకుంటాం అని అడిగాం. ఆయన నవ్వి "కొన కొడితే బాదు ఎట్టా పెరగద్ది నాయనా? ఇంకో రెండేళ్లు ఉంటే గానీ కొలతకు రాదు. మీ కంప్యూటర్ కోసం నా సర్వి పొట్టి చేసుకోమంటావా?" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. ఆ చెట్టు ఆయన పంట. ఇంకొకరి పంట మీదుగా పోయే దారి మనది కాదు. డిష్‌ల మధ్య ఉన్న గాలి మనదే అనుకుంటాం గానీ, కింద నేల ఎవరిదో ఆ నేలలో ఏం వేస్తారో కనుక్కోకుండా వైర్‌లెస్‌కు డబ్బు పెట్టకూడదు. ఒంగోలు, టంగుటూరు, కందుకూరు వైపు అయితే సర్వి బదులు జామాయిల్, సుబాబుల్. అవీ అంతే, నాటిన ఏడాది మోకాళ్ల దగ్గర ఉన్నట్టే ఉండి చూస్తుండగానే డాబా దాటిపోతాయి.

గుంటల నీళ్ల సంగతి కూడా చెప్పాలి. నిండా నీళ్లున్న గుంటల మీదుగా వెళ్లే సిగ్నల్ కొంత నీటి మీద పడి తిరిగి లేచి, నేరుగా వచ్చే సిగ్నల్‌తో కలుస్తుంది. కొన్ని ఎత్తుల్లో రెండూ కలిసి బలపడతాయి, కొన్ని ఎత్తుల్లో ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆఫీసు వైపు డిష్‌ను పైపు మీద కొద్దికొద్దిగా పైకీ కిందికీ జరిపి చూస్తే అంకెలో తేడా స్పష్టంగా తెలిసింది. నీళ్ల మీదుగా లింకు పెట్టేవాళ్లు డిష్ బిగించే ముందు ఎత్తు మార్చి చూడటం మంచిది. మా చెట్ల సమస్యకు మాత్రం అది మందు కాలేదు.

ఇంకా ఎత్తుగా టవర్ వేద్దామన్నారు. ఆ మాట నడుస్తుండగానే తుపాను వచ్చింది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. మా ఒడ్డున గాలికి హ్యాచరీ వైపు పైపు విరగలేదు గానీ, బిగించిన క్లాంపుల్లోనే తిరిగిపోయింది. ఆ రకం డిష్ బీమ్ వెడల్పు పది డిగ్రీల లోపే. పైపు కొద్దిగా తిరిగితే చాలు, డిష్ ముఖం ఆఫీసును వదిలేసి పక్క గుంటల వైపు చూస్తుంది. కరెంటు వచ్చాక కూడా లింకు రాలేదు. మళ్లీ గురి చూసి బిగించాం. ఇసుక నేలలో ఇంకో ఇరవై అడుగులు పైకి లేపితే వచ్చే తుపానుకు ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వలేకపోయారు. టవర్ మాట అక్కడితో ఆగింది.

డిష్ దించినప్పుడు ఇంకొకటి బయటపడింది. రేడియోలో దూర్చిన ప్లగ్గు తీస్తే బంగారు రంగులో మెరవాల్సిన పిన్నుల్లో రెండు ఆకుపచ్చగా, పొడిగా రాలిపోతున్నాయి. ఉప్పు గాలి ఒక్కటే అయితే అంత తొందరగా తినదు. ఆ కేబుల్‌లోనే రేడియోకు కరెంటు కూడా వెళ్తుంది. ఉప్పు తడి ఉన్న చోట డీసీ కరెంటు పారితే లోహం కరిగిపోవడం చాలా వేగంగా జరుగుతుంది. అందుకే కరెంటు మోసే పిన్నులే ముందు పోయాయి, పక్కవి బాగానే ఉన్నాయి. సముద్రానికి దగ్గర్లో పెట్టే ప్రతి ప్లగ్గుకూ లోపల గ్రీజు, పైన సాగదీసి చుడితే ఒకదానికొకటి అతుక్కుపోయే రబ్బరు టేపు తప్పనిసరి. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు ఎండకు జిగురు కారి ఊడిపోతుంది.

ఇక ఫైబర్, అంటే వెలుగు మీద డేటా పంపే గాజు పోగుల కేబుల్. మొదట్లోనే ఎందుకు వేయలేదని అడగొచ్చు. కేబుల్ ఖరీదు ఎప్పుడూ సమస్య కాదు. దారి సమస్య. వంతెన, ప్రభుత్వ రోడ్డు, కాలువ గట్టు, వీటి మీదుగా మన ఇష్టానికి తవ్వుకుంటూ పోలేం. బ్రిటిష్ వాళ్ల కాలంలో అంచెలంచెలుగా తవ్విన కాలువ అది. ఇప్పుడు జాతీయ జలమార్గం 4లో భాగం. ఒక్కో శాఖ చుట్టూ తిరగాలంటే చిన్న హ్యాచరీకి అయ్యే పని కాదు.

దారి దొరికింది మాత్రం చాలా మామూలుగా. ఆఫీసు ముందు కరెంటు స్తంభాల మీద ఒక నల్ల కేబుల్ పోతోంది. అది ఎక్కడిదాకా వెళ్తుందో చూద్దామని బండి మీద దాని వెంటే వెళ్లాను. వంతెన దాటి, ఊళ్లోకి తిరిగి, మా హ్యాచరీ గేటుకు మూడు వందల మీటర్ల దూరంలో ఒక స్తంభం దగ్గర ఆగింది. స్థానిక కేబుల్ ఆపరేటర్‌ది. టీవీ, ఇంటర్నెట్ ఇళ్లకు ఇవ్వడానికి అనుమతులతో వేసుకున్న లైను. లోపల ఉన్న పన్నెండు కోర్లలో, అంటే గాజు పోగుల్లో, ఆయన వాడేది కొన్నే. ఖాళీగా ఉన్న కోర్లను, అంటే ఏ వెలుగూ పంపని డార్క్ ఫైబర్‌ను, రెండు మాకు అద్దెకు ఇస్తారా అని అడిగాను. ఆయన ముందు "ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకోండి సార్, కోర్ ఎందుకు?" అన్నాడు. మాకు ఇంటర్నెట్ వద్దు, ఈ చివర నుంచి ఆ చివరకు మధ్యలో ఏ పెట్టే లేకుండా గాజు దారి ఒకటి చాలు అని చెప్పాక అర్థం చేసుకున్నాడు. ఏడాదికింత అని మాట్లాడుకున్నాం.

స్తంభం నుంచి హ్యాచరీ దాకా మా సొంత జాగాలో మేమే తవ్వించాం. ఇసుక కాబట్టి తవ్వడం తేలిక, గోడలు కూలడమే ఇబ్బంది. మూడడుగుల లోతున హెచ్‌డీపీఈ పైపు వేసి, అందులో ఆర్మర్డ్ ఆరు కోర్ల సింగిల్ మోడ్ కేబుల్ దూర్చి, పైన ఒక అడుగు మట్టి పోశాక పసుపు రంగు హెచ్చరిక టేపు పరిపించాను. సముద్రపు నీళ్ల పైపులు ఏడాదికోసారి ఎవరో ఒకరు తవ్వుతూనే ఉంటారు. పలుగు ముందు టేపుకు తగలాలి, కేబుల్‌కు కాదు.

జాయింట్ వేసిన రోజు నేను పక్కనే కూర్చున్నాను. స్ప్లైసింగ్ చేసే అబ్బాయి కేబుల్ చివరను, మిషన్‌ను కారులోకి తెచ్చుకుని అద్దాలన్నీ మూసేశాడు. ఒడ్డున గాలి, దాంతో వచ్చే సన్న ఇసుక ఈ పనికి శత్రువులు. పై తొడుగులు ఒలిచి, స్పిరిట్ గుడ్డతో తుడిస్తే వెంట్రుకంత గాజు పోగు మిగిలింది. అందులో వెలుతురు నడిచే భాగం 9 మైక్రాన్లే. క్లీవర్‌లో పెట్టి టక్కున నొక్కితే కొన అద్దంలా నిటారుగా తెగింది. రెండు కొనలను మిషన్‌లో ఎదురెదురుగా పెట్టి మూత వేశాడు. తెరమీద రెండు పోగులు దగ్గరికి జరిగి, పైకీ కిందికీ సర్దుకుని, ఒక్క మెరుపుతో కలిసిపోయాయి. కింద లాస్ 0.02 డీబీ (డెసిబెల్స్) అని పడింది. ఒక కోర్‌కు 0.15 వచ్చింది. నడిచిపోతుంది గదా అంటాడేమో అనుకున్నాను, నేను నోరు తెరవకముందే తెంపేసి మళ్లీ వేశాడు. "లాస్ ఇక్కడే తగ్గించుకోవాలి సార్, తర్వాత యాడ పోయిందో వెతకలేం" అన్నాడు. పని తెలిసినవాడంటే అట్లా ఉండాలి.

లెక్క ముందే వేసుకున్నాను. 1310 నానోమీటర్ల వెలుగుకు సింగిల్ మోడ్ ఫైబర్‌లో కిలోమీటరుకు 0.35 డీబీ దాకా పోతుంది. దాదాపు మూడు కిలోమీటర్లకు ఒక డీబీ, జాయింట్లకు ఇంకొంచెం, రెండు చివర్ల కనెక్టర్లకు ఇంకొంచెం. మొత్తం రెండున్నర దాటకూడదు. పవర్ మీటర్ పెట్టి చూస్తే ఆరు డీబీ పోతోంది. అబ్బాయి ఎర్ర లైటు పెన్ను పెట్టి జాయింట్లన్నీ చూశాడు, ఎక్కడా వెలుగు కారడం లేదు. నా కళ్లు ఆఫీసు చివర కనెక్టర్ మీద పడ్డాయి. ఆకుపచ్చ రంగు. మా బాక్స్‌లో సాకెట్ నీలం. కేబుల్ టీవీ వాళ్లు వాడే ఆకుపచ్చ కనెక్టర్ కొన ఎనిమిది డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది. నీలం దాని కొన ఏటవాలు లేకుండా ఉంటుంది. రెండూ ఒకదాంట్లో ఒకటి దూరతాయి, కానీ లోపల గాజుకు గాజు ఆనదు, మధ్యలో సందు మిగులుతుంది. వెలుగు అక్కడ పోతుంది, కొనలు గీరుకుపోయే ప్రమాదం కూడా ఉంది. నీలం పిగ్‌టెయిల్ (కొనకు కనెక్టర్ బిగించి ఉన్న చిన్న ఫైబర్ ముక్క) వేయించగానే మీటర్ 2.3కు దిగింది. ఇది చూడనివాళ్లు ఎస్‌ఎఫ్‌పీ (స్విచ్చులో దూర్చే, ఫైబర్‌లోకి వెలుగు పంపే చిన్న పరికరం) పాడైందనుకుని మార్చుకుంటూ పోతారు.

రెండు కోర్లు తీసుకున్నాం గానీ నడుస్తున్నది ఒకదాని మీదే. ఒకే పోగులో పోయే వెలుగు ఒక రంగు, వచ్చే వెలుగు ఇంకో రంగు ఉండే బైడీ ఎస్‌ఎఫ్‌పీలు వాడాం. ఒక చివరది 1310లో పంపి 1550లో వింటుంది, రెండోది దానికి తిరగేసి. కొనేటప్పుడు జతగా కొనాలి. ఒకే రకం రెండు కొంటే రెండూ ఒకే రంగులో మాట్లాడతాయి, ఎవరూ వినరు. రెండో కోర్‌ను జాయింట్ వేయించి, రెండు చివరలా మూతలు పెట్టి, స్పేర్‌గా ఉంచాను.

వెలుగు వచ్చాక నెట్‌వర్క్ పని పెద్ద కష్టం కాదు, కానీ తొందరపడితే రెండు ఆఫీసులూ ఒకేసారి ఆగిపోతాయి. రెండు చోట్లా రౌటర్లు 192.168.1.1తోనే ఉన్నాయి, దుకాణం నుంచి వచ్చినప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లాగే. వాటిని నేరుగా కలిపితే రెండు రౌటర్లూ అందరికీ ఐపీలు పంచుతాయి, ఎవరు ఎవరి మాట వింటున్నారో తెలియదు. అందుకే కలపకముందే ఒడ్డు వైపు 192.168.10, ఆఫీసు వైపు 192.168.20గా మార్చాను. కెమెరాలన్నిటికీ వేరే వీల్యాన్, అంటే అవే తీగల మీద విడిగా నడిచే నెట్‌వర్క్. మధ్య లైనుకు రెండే అడ్రసులున్న చిన్న నెట్‌వర్క్. ఇట్లా చేస్తే లైను తెగినా ఎవరి వైపు వాళ్ల కంప్యూటర్లు, ప్రింటర్లు మామూలుగా నడుస్తాయి. ఒకే పెద్ద నెట్‌వర్క్‌గా వదిలేస్తే తేలిక గదా అని మా మేనేజర్ గారు అడిగారు. తేలికే, కానీ ఒడ్డున ఎవరో ఒక స్విచ్చులో ఒకే వైరు రెండు చివరలూ దూరిస్తే ఆఫీసులో బిల్లింగ్ కూడా పడిపోతుంది.

కెమెరాలు ఇరవై నాలుగు. ఒక్కోటి 4 మెగాబిట్లు అనుకుంటే అన్నీ కలిపి వంద దగ్గరికి వస్తుంది. ఫైబర్ మీద గిగాబిట్ ఉంది కాబట్టి రికార్డింగ్ ఆఫీసులో పెట్టొచ్చు. అయినా రికార్డర్‌ను హ్యాచరీలోనే ఉంచాను. తుపాను రాత్రి లైను పోతే, ఆ రాత్రి ట్యాంకుల దగ్గర ఏం జరిగిందో చూడాల్సిన అవసరం అప్పుడే ఎక్కువ.

పాత డిష్‌లను తీసేయలేదు. ఫైబర్ పోతే అవే దిక్కు. రెండు రౌటర్లలో రెండు దార్లు రాశాను, ఫైబర్‌ది ముందు, వైర్‌లెస్‌ది తర్వాత. అవతలి రౌటర్‌కు ఫైబర్ మీదుగా పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) వెళ్తూ ఉంటుంది, జవాబు ఆగితే దారి దానంతట అదే మారుతుంది. రెండు లైన్లనూ రౌటర్ లేకుండా ఒకే స్విచ్చులో దూర్చకూడదు. అట్లా చేస్తే ప్యాకెట్లు గుండ్రంగా తిరుగుతూ నెట్‌వర్క్ మొత్తాన్ని నింపేస్తాయి. వైర్‌లెస్ మీద ఉన్నప్పుడు కెమెరాలను అటు పంపకుండా ఆపేశాను, బిల్లింగ్‌కు, ల్యాబ్ రిపోర్టులకు మాత్రమే దారి. గాలికి అంకె ఊగినా అవి ఎట్లాగో వెళ్లిపోతాయి.

ఫైబర్ వేశాక ఒకసారి తెగింది. ఊళ్లో ఇసుక లారీ ఒకటి కేబుల్‌ను తగిలించుకుని లాక్కెళ్లింది. ప్యాకింగ్ నడుస్తోంది, వైర్‌లెస్ అందుకుంది. బిల్లులు నెమ్మదిగానైనా వచ్చాయి. వ్యాన్లు ఆగలేదు. మరునాడు ఆపరేటర్ మనిషి వచ్చి జాయింట్ వేశాడు.

కోర్ అద్దెకు తీసుకునేవాళ్లు కాగితం మీద కొన్ని రాయించుకోవాలి. ఏ రంగు కోర్ మీదో, నీలమా నారింజా ఆకుపచ్చా అన్నది రాయించండి. రాత్రిపూట ఆపరేటర్ కొత్త మనిషి తెలియక మీ కోర్ తీసి ఇంకో ఇంటికి ఇచ్చేసే ప్రమాదం నిజంగా ఉంది. దారిలో జాయింట్ బాక్స్‌లు ఏ స్తంభాల దగ్గర ఉన్నాయో ఫొటోలు తీసి పెట్టుకోండి. తెగితే ఎంతసేపట్లో వస్తారు, రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ముందే తేల్చుకోండి. మొదటి రోజు మీటర్‌లో వచ్చిన అంకెను తేదీతో సహా రాసి పెట్టెలోనే అతికించండి. తర్వాత ఎప్పుడైనా లాస్ పెరిగితే పోల్చుకోవడానికి అదొక్కటే ఆధారం. మా రెండు పెట్టెల మూతల లోపల ఆ చీటీలు ఉన్నాయి. వాటి కింద, నెలకోసారి పగటిపూట ఫైబర్ ప్యాచ్ కార్డ్ (పెట్టెలో కలిపే చిన్న ఫైబర్ తీగ) చేత్తో తీసి, వైర్‌లెస్ అందుకుంటోందో లేదో చూసినవాళ్లు సంతకం పెట్టే గడులు కూడా.